కష్టకాలానికి దాచిన సీసాలు

మా ఊళ్ళో చచ్చిపోయినవాళ్ళందరూ ఎక్కడికి వెళ్ళారో నాకు తెలుసు. స్వర్గానికీ వెళ్ళలేదు, నరకానికీ వెళ్ళలేదు. లండన్ శివారు ఇల్ఫర్డ్‌లో మా అద్దె ఫ్లాట్‌కి వచ్చి, డబ్బా టీవీలో దూరి, ఒక కొండమీది పాడుబడ్డ బంగళాలో కాపురం పెట్టారు. నమ్మకం లేకపోతే మా అబ్బాయి రఘుని అడగండి. వాడు సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. అబద్ధం చెప్పాలంటే వాడికి కంప్యూటరు సాయం కావాలి.

అప్పటికి రఘుకి పదకొండేళ్ళు. మా ఆవిడ అలివేలుమంగ ఆసుపత్రిలో నర్సు. ఆవిడ ఉద్యోగం కొంగు పట్టుకుని సముద్రాలు దాటిన మొగుణ్ణి నేను. నా చదువు మా ఊరి బడి అరుగు మీద మొదలై అక్కడే అయిపోయింది. ఇంగ్లీషు అక్షరాలను నేను గుర్తుపడతాను గాని అవి నన్ను గుర్తుపట్టవు. అందుకని ఒక గోడౌనులో అట్టపెట్టెలు మోసేవాణ్ణి.

శనివారం నైట్ డ్యూటీ చేసి వచ్చి, మంగ ఆదివారం పగలంతా పక్కగదిలో నిద్రపోయేది. ఆ ఫ్లాట్ గోడలు అప్పడాలు. ఈ గదిలో ఆవలిస్తే ఆ గదిలో చిటికె వినబడేది. చెంచా కింద పడితే మంగ లేచేది. నిద్ర చెడి, జుట్టు విరబోసుకుని, గుమ్మంలో నిలబడి ఆవిడ చూసే చూపు ముందు ఏ దయ్యమైనా దిగదుడుపే. అందుకని తండ్రీ కొడుకులం మధ్యాహ్నం భోంచేసి, కర్టెన్లు మూసి, పాతసామాన్లమ్మే కారు బూట్ సేల్‌లో కొన్న బూడిదరంగు వీడియో ఆటపెట్టె ముందు పిల్లుల్లా కూర్చునేవాళ్ళం.

ఆ ఆట పేరు చెప్పను. దాచడానికి కాదు, నాకు నోరు తిరగదు. అన్నయ్యని వెతుక్కుంటూ ఒక అమ్మాయి బంగళాలోకి వస్తుంది. లోపల చచ్చినవాళ్ళు తిరుగుతుంటారు. అంతే కథ. ఆ అంతేలోనే మా ప్రాణాలు పోయేవి. ఆ అమ్మాయి మనిషిలా తిరగలేదు. ఇరుకు సందులో ఎడ్లబండిని తిప్పినట్టు నిలబడ్డచోటే మెల్లగా తిరిగి, అప్పుడు ముందుకు కదిలేది. ఈలోగా వెనకవాడు వచ్చి భుజం కొరికేవాడు. ఎటు నుంచి చూడాలన్నది కూడా మన చేతిలో ఉండేది కాదు. దూలం మీది బల్లి గదిని ఎలా చూస్తుందో అలాగే చూడాలి. ఇక తలుపులు. ఏ తలుపు తీసినా ముందు టీవీ అంతా నల్లబడేది. ఆ నలుపులోంచి తలుపొక్కటే వచ్చి, కిర్రుమంటూ, పెళ్ళికూతురు తల ఎత్తినంత తీరుబడిగా తెరుచుకునేది. అది తెరుచుకునేలోగా నేను తిరుపతి, అన్నవరం, సింహాచలం చుట్టి వచ్చేవాణ్ణి.

మంగ లేస్తుందని సౌండు దాదాపు చంపేసేవాళ్ళం. చప్పుడు లేని భయం ఉప్పు లేని పప్పు. అందుకని చప్పుళ్ళన్నీ నేనే గుసగుసగా నోటితో చేసేవాణ్ణి. తలుపు కిర్రు నాదే. అడుగుల టకటక నాదే. తుపాకీ ఢాం కూడా నాదే, కాకపోతే తలగడలో మొహం పెట్టి.

మొదటిసారి ఒక శవం లేచి నడిచి వచ్చినప్పుడు రఘు చేతిలోని మీట వదిలేసి నా లుంగీలో మొహం దాచుకున్నాడు.

"ఒరేయ్, ఎవరనుకున్నావురా? మన కరణం రామలింగయ్య గారు. పొడుం డబ్బీ పోగొట్టుకుని వెతుక్కుంటున్నాడు" అన్నాను.

లుంగీలోంచే అడిగాడు, "మరి కరుస్తున్నాడేం?"

"పొడుం దొరక్కపోతే బతికున్నప్పుడూ కరిచేవాడు."

వాడు ఒక కన్ను బయటపెట్టాడు. ఆ రోజు నుంచి బంగళాలో అందరూ మనవాళ్ళే. మెట్ల దగ్గర పాక్కుంటూ వచ్చేది కళావతమ్మ, మజ్జిగ గిన్నె ఎవరింట్లో మరిచిందో కనుక్కోవడానికి. వంటింట్లో గోడకి తల కొట్టుకునేవాడు మా లెక్కల మాస్టారు, నా పరీక్ష కాగితం చూసి. తెలిసినవాళ్ళయితే ఇక భయమేముంది? రఘు దణ్ణం పెట్టి మరీ కాల్చేవాడు.

ఆ బంగళాలో అక్కడక్కడ ఒక గడియారం గది ఉండేది. అందులోకి చచ్చినవాళ్ళు రారు. గోడ గడియారానికి తాళం తిప్పితే మనం ఎంతవరకు వచ్చామో గుర్తుంచుకునేది. పక్కనే ఒక ట్రంకుపెట్టె. దొరికినవన్నీ అందులో దాచుకోవచ్చు. వాటిలోకెల్లా గొప్పది ఎర్ర మందుసీసా. ఒక్కటి తాగితే, కాళ్ళీడ్చుకుంటున్న అమ్మాయి లేడిపిల్ల అయిపోతుంది.

"తాగించనా నాన్నా?" అనేవాడు రఘు.

"అప్పుడేనా? కుంటుతోంది గాని నడుస్తోంది కదరా! దాచు. కష్టకాలానికి పనికొస్తుంది."

మా అమ్మ కొత్తావకాయ జాడీ దాచి, పాతది బూజు పట్టేదాకా మాకు వడ్డించేది. ఆ రక్తం ఎక్కడికి పోతుంది?

ఏటా దసరాకి మంగ ఆయుధపూజ చేసేది. కత్తిపీటకీ, తన స్టెతస్కోపుకీ, వాషింగ్ మెషీన్‌కీ పసుపు, కుంకుమ, అక్షింతలు. "మగాళ్ళిద్దరూ ఆదివారమంతా దీని ముందే కదా తపస్సు" అంటూ ఆ బూడిదరంగు పెట్టెకీ బొట్టు పెట్టి, మూత తెరిచి లోపల కూడా చల్లింది. పూజలో ఆవిడ పిసినారితనం చూపించదు.

తరవాత రఘుకి పరీక్షలొచ్చాయి. మీసాలొచ్చాయి. ఆట సగంలో ఆగింది. పెట్టె అట్టపెట్టెలోకి వెళ్ళింది.

*

ఇప్పుడు మిల్టన్ కీన్స్‌లో రఘు ఇంట్లో ఉంటున్నాం. ఈ ఊళ్ళో రోడ్లు పులీ-మేకా ఆటకి గీసిన గీతల్లా ఉంటాయి. ఒక రౌండబౌట్, అదే గుండ్రటి కూడలి, దాటితే అచ్చం అలాంటిదే ఇంకోటి. నా రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయనీ, కుడికన్ను మరీ పాడైందనీ తేలినప్పుడు నేను అదే చెప్పాను. "ఈ ఊళ్ళో కళ్ళు పోతే నష్టమేముంది? ఒకసారి చూసినవాడు అంతా చూసినట్టే."

ఆపరేషన్‌కి ఆసుపత్రివాళ్ళు రోజిచ్చారు. జలుబన్నాను. మళ్ళీ ఇచ్చారు. అమావాస్యన్నాను. ఈసారి రాకపోతే పేరు తీసేస్తామనీ, మళ్ళీ జీపీ డాక్టరు దగ్గర నుంచి మొదలుపెట్టుకోవాలనీ చెప్పారు. ఆలస్యమయ్యేకొద్దీ శుక్లం రాయిలా గట్టిపడుతుందని మంగ పోరు.

"మా ఊరి బాపురావు కథ తెలుసా మీకు?" అన్నాను అన్నాల దగ్గర. "బళ్ళో కంటి శిబిరం పెడితే ఆపరేషన్ చేయించుకున్నాడు. కట్టు విప్పేసరికి ఎంత బాగా కనబడిందంటే, పక్క ఊరి తాటిచెట్టు మీది చీమలు కనబడ్డాయి. ఇటు తిరిగి పెళ్ళాం మొహం చూశాడు. ఆ సాయంత్రమే కాశీ బండెక్కాడు."

"మీరెక్కినా నేనేం ఆపను, బండి నంబరు కనబడితే" అంది మంగ.

అసలు సంగతి వేరు. ఆపరేషన్‌లో మత్తిస్తారా అని మంగని ఒకసారి మెల్లగా అడిగాను. "కంట్లో చుక్కలేస్తారు. నొప్పి ఉండదు. మెలకువగానే ఉంటారు" అంది. మెలకువగా ఉన్నవాడి కంట్లోకి సూది వస్తుందిట, వాడు పడుకుని చూస్తుండాలిట! ఆ మాట విన్నాక నాకు నిద్ర సరిగా పట్టలేదు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నేను భయపడగా చూసినవాళ్ళు ఈ ఇంట్లో లేరు. ఇంత వయసొచ్చాక కొత్తగా చూపించడమెందుకు?

ఆ ఆదివారం రఘు ఇంటి అటక ఖాళీ చేస్తూ అట్టపెట్టె దింపాడు. బూడిదరంగు పెట్టె, డిస్క్, మెమరీ కార్డు. వెనకాలే డబ్బా టీవీ. టేకవే డబ్బాలు కూడా పారేయని మంగ టీవీని పారేస్తుందా?

"ఏమిటది?" అంది మాయ. రఘు కూతురు. దానికీ ఇప్పుడు పదకొండేళ్ళే. అది మాట్లాడేది అచ్చమైన మిల్టన్ కీన్స్ ఇంగ్లీషు. నా చెవిలో పడి కాగితం మీదికి వచ్చేసరికి తెలుగైపోతుంది. ఆ పూచీ నాది.

"మీ నాన్న నా లుంగీ తడిపిన ఆట" అన్నాను.

"కన్నీళ్ళతో" అన్నాడు రఘు తొందరగా.

"నేను ఏ నీళ్ళన్నానురా?"

టీవీ వెలిగించాడు. నాకు ఒక బూడిద మబ్బు, అందులో ఏదో కదులుతున్నట్టు. రఘు నా మొహం చూస్తున్నాడని తెలుస్తోంది. "ఏం కనబడుతోంది నాన్నా?"

"శుభ్రంగా అంతా! కావాలంటే పందెం. మొదటి గడియారం గది దాకా నేనే ఆడతాను. చేరితే ఇక ఈ ఇంట్లో ఆపరేషన్ మాట ఎత్తకూడదు."

"చేరకపోతే?"

"చేరకపోతే కన్నేమిటి, ముక్కూ చెవులూ కూడా కోయించుకుంటాను."

వాడు సరేనన్నాడు. "మాయా, తాత పక్కన కూర్చుని చూడు. సాయం చెయ్యకు" అని చెప్పి, గిన్నెలు కడగడానికి వంటింట్లోకి వెళ్ళాడు. మంగ మేడమీద కునుకు తీస్తోంది. అలవాటు కొద్దీ సౌండు చంపేశాను.

మీరు నవ్వకండి. నా బొటనవేళ్ళకి ఆ బంగళా కంఠతా వచ్చు. హాల్లోంచి ఎడమకి తిరగాలి, గోడ తగిలేదాకా నడవాలి, కుడికి తిరగాలి, తలుపు. గోడ తగిలితే చేతిలోని మీట వణికి చెబుతుంది. మధ్యలో మాయ కెవ్వుమంటే అక్కడ శవం లేచిందన్నమాట. చీకట్లో మా ఊరి చేను గట్టు మీద నడిచినవాడికి ఇదొక లెక్కా? వంటిల్లు దాటాం. లెక్కల మాస్టారిని తప్పించుకున్నాం. మాయ నా చెయ్యి పట్టుకుని, "తాతా, భలే ఆడుతున్నావే!" అంది. నా ఛాతీ ఎంత పొంగిందంటే చొక్కా బొత్తం ఎగిరి రౌండబౌట్ దాకా దొర్లింది.

ఇక ఒకటే తలుపు, దాని వెనక పొడుగాటి వసారా, వసారా చివర గడియారం గది. తలుపు తీశాను. "కిర్రు..." అన్నాను నోటితో.

"ఇదిగో మాయా, ఇప్పుడు చూడు. కిటికీ పక్కన నిలబడ్డాడే, ఆయనే రామలింగయ్య గారు. పొడుం డబ్బీ కోసం జేబులు తడుముకుంటున్నాడు. ఉండు, ఇటే వస్తున్నాడు. ఢాం! పడ్డాడు. పడలేదు, మళ్ళీ లేస్తున్నాడు, మొండి మనిషి. ఢాం!"

మాయ కెవ్వుమనలేదు. నవ్వనూ లేదు.

"తాతా, ఆయన ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?"

"తెల్లది. మాసింది. కాలరు చిరిగింది."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"నేలమీద. చూడు, చెయ్యి ఇంకా కదులుతోంది."

దాని చిన్న చెయ్యి వచ్చి నా చేతుల మీద పడింది. "తాతా, టీవీలో ఏమీ లేదు. నువ్వు తలుపు తీశావు చూడు, అప్పట్నుంచీ నల్లగానే ఉంది. డిస్క్ ఆగిపోయింది."

"వసారాలో కరెంటు పోయుంటుందే. పాడుబడ్డ కొంప కదా" అన్నాను.

నా మాటకి అది నవ్వకపోవడం పుట్టాక అదే మొదలు.

"నా మొహం కనబడుతోందా?" అంది.

"కనబడకేం! మీ నానమ్మ ముక్కు. మీ అమ్మ గడ్డం."

"ఇప్పుడు నేనేం చేస్తున్నాను?"

ఎదురుగా, నా మోకాళ్ళకి మోకాళ్ళు ఆనించి కూర్చుంది. ఒక తెల్లని మసక, చుట్టూ నల్లగా జుట్టు. "నన్నే చూస్తున్నావు" అన్నాను.

"నాలుక బయటపెట్టాను తాతా. ఇందాకట్నుంచీ."

నా దగ్గర కథ లేకపోయింది. జేబులన్నీ తడుముకున్నాను, రామలింగయ్య గారిలాగే.

వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ రఘు వచ్చాడు. "ఏమైంది? చేరారా?"

"డిస్క్ ఆగింది" అంది మాయ, వెంటనే. "తాత బాగానే ఆడుతున్నాడు. వసారా దాకా వచ్చేశాడు." ఇంకేమీ చెప్పలేదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

"ఓ, ముసలిది మొరాయించిందా? దీనికి మందు నాకు తెలుసు" అంటూ రఘు పెట్టెని బోర్లించాడు. ఆ కాలంలో పిల్లలందరికీ తెలిసిన వైద్యమది. అరిగిన పెట్టె వెల్లకిలా చదవకపోతే బోర్లా చదివేది. బోర్లించేసరికి లోపల గలగలమంది. మూత తెరిచి దులిపితే బల్లమీద టపటప రాలాయి, ఎండి బిగిసిన పసుపు బియ్యపు గింజలు.

"అక్షింతలు!" అన్నాడు రఘు. "అమ్మా! ఇలా రా ఒకసారి. నీ ఆయుధపూజ బయటపడింది."

మంగ దిగి వచ్చింది, కునుకు చెడిన మొహంతో. ఆ మొహం నాకు కనబడకపోయినా తెలుస్తుంది. గింజలు వేలితో కదిపి చూసింది. "ఇన్నేళ్ళు పాడవకుండా ఉందంటే ఎవరి చలవ? మీ ఇద్దరి దిష్టికి ఎప్పుడో పేలిపోవలసింది."

"అమ్మా, లోపల ఎవరైనా చల్లుతారా?"

"ఆయుధం లోపలే కదరా ఉండేది?"

బోర్లా పడుకున్న పెట్టె మళ్ళీ బుర్రుమంది. మొదటి నుంచి వద్దు, పాత కార్డు పెడదామన్నాడు రఘు. మేము ఆపేసిన చోటు అందులో ఉంటుంది. ఇల్ఫర్డ్‌లో, కర్టెన్లు మూసిన గదిలో, మేమిద్దరం చివరిసారి తాళం తిప్పిన గడియారం.

"వచ్చింది నాన్నా" అన్నాడు. వాడి గొంతు చిన్నపిల్లాడి గొంతైపోయింది. "అదే గది."

నాకు మబ్బు. "చెప్పవే మాయా, ఏముంది?"

"అమ్మాయి నిలబడింది తాతా. కడుపు మీద చెయ్యి పెట్టుకుని వంగిపోయింది. ఒళ్ళంతా గాయాలు. నడిపిస్తే కాలు ఈడుస్తోంది. ఇంకొక్క దెబ్బ తగిలితే చచ్చిపోతుంది."

"అవును, చివర్లో చాలా కష్టపడ్డాం" అన్నాడు రఘు.

"పక్కన పెట్టె ఉంది. తెరుస్తున్నాను." ఆగింది. "నాన్నా! దీన్నిండా ఎర్ర సీసాలే! ఇన్నా? ఎందుకు తాగించలేదు?"

నేను అన్నాను, "కష్టకాలానికి దాచామే."

"ఇది కష్టకాలం కాదా?" అంది మాయ. "చచ్చిపోతోంది కదా. ఇంకెప్పుడు తాగుతుంది?"

వెటకారం కాదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఏ తరగతి మాస్టారూ నన్ను అంత సూటి ప్రశ్న అడగలేదు. ఇన్నేళ్ళూ ఆ పిల్ల చీకట్లో, కడుపు పట్టుకుని, మందు పక్కనే పెట్టుకుని నిలబడే ఉందన్నమాట. మేము చెప్పామని.

మాయ మీట మీద వేలు పెట్టి ఆగింది. "తాగించనా?"

"ఉండు. నేను చూసేటప్పుడు తాగించు" అన్నాను. రఘు వైపు, అంటే రఘు ఉన్నాడనుకున్న వైపు తిరిగాను. "ఒరేయ్, ఆ ఆపరేషన్ ఏ రోజన్నావ్?"

"పందెం తేలలేదుగా నాన్నా. డిస్క్ ఆగిందంట."

"డిస్క్ ఆగిన సంగతి నాకు తెలియలేదురా. నల్ల టీవీలో రామలింగయ్యని రెండుసార్లు కాల్చాను."

రఘు నవ్వబోయి మానేశాడు. మంగ మాత్రం నా పక్కన కూలబడి, "కాల్చి ఆయన పొడుం డబ్బీ కూడా వెతికి ఇచ్చుంటారు" అంది. ఆవిడ వినేలా, ఆవిడకే వినబడేలా అన్నాను, "మెలకువగా ఉండాలన్నావు కదా మంగా, అదీ నా బాధ."

"ఆ మాట ఇన్నాళ్ళూ చెప్పరేం? బాపురావుని కాశీ పంపారు గాని!"

*

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఆసుపత్రిలో నన్నొక తలుపు ముందు కూర్చోబెట్టారు. ఎవరో లోపలి నుంచి తెరిచారు. ఒట్టు, మెల్లగా తెరుచుకుంది. నా నోరు దానంతటదే "కిర్రు" అంది.

"లోపల రామలింగయ్య గారు లేరు. నేను చూసొచ్చాను. పదండి" అంది మంగ, నా వీపు మీద చెయ్యేసి.

సూది సంగతి నేననుకున్నంత లేదు. వెలుగు, నీళ్ళు, రంగులు. నిజమైన చిత్రహింస వేరే ఉంది. డాక్టరమ్మ "మాట్లాడకండి, కదలకండి" అంది. నోరు మూసుకుని నేను అంతసేపు ఉన్నది పుట్టాక అదే. లోపల్నుంచి గుమ్మడికాయంత శుక్లం తీశారు. ఇద్దరు నర్సులు మోసుకెళ్ళారు. మంగ లేదంటుంది గాని, ఆవిడ అప్పుడు బయట ఉంది.

తరవాతి ఆదివారం కర్టెన్లు మూసి మళ్ళీ కూర్చున్నాం. ఈసారి ముగ్గురం. పెట్టె బోర్లా. రఘు వద్దంటున్నా సౌండు తగ్గించాను. టీవీ చూసి అదిరిపడ్డాను.

"ఆపరేషన్ చెడిపోయిందిరా! ఈ పిల్లకి మొహమేదీ? చెక్కపేడుకి పెన్సిలుతో కళ్ళు గీసినట్టుంది. చేతికి వేళ్ళు కూడా లేవు!"

"అది ఎప్పుడూ అలాగే ఉండేది నాన్నా" అన్నాడు రఘు.

"అబద్ధం! నేను రామలింగయ్య గారి చెవిలో వెంట్రుకలు చూశాను."

"అవి నువ్వు చెప్పావు" అన్నాడు వాడు. "నేనూ చూశాను."

పక్కగదిలో నిద్రపోయే మనిషి ఇప్పుడు వంటింట్లో పకోడీలు వేస్తూ కూనిరాగం తీస్తోంది. ఎవరూ లేవరు. ఎవరూ తిట్టరు. అయినా ముగ్గురం గుసగుసగానే మాట్లాడుకుంటున్నాం.

మాయ ట్రంకుపెట్టె తెరిచింది. ఎర్రగా, వరసగా సీసాలు. నాకు కనబడుతున్నాయి.

"ఇప్పుడు?" అంది.

"తాగించు" అన్నాను. "ఒకటి కాదు, రెండు పట్టించు. పాపం, ఎప్పట్నుంచో నిలబడి ఉంది."

"రెండో కన్ను కూడా చేయిస్తావా మరి?"

"సీసాలింకా ఉన్నాయి కదా, చూద్దాంలే" అంటూ టీవీ వైపు తిరిగాను. పిల్ల నడుం నిలబెట్టింది, కడుపు మీద చెయ్యి తీసింది, తలుపు వైపు ఎడ్లబండిలా తిరిగింది. టీవీ నల్లబడింది. ఆ నల్లటి అద్దంలో, నా భుజం వెనక నుంచి, మాయ మొహం.

"నాలుక లోపల పెట్టుకోవే" అన్నాను.